చెంచాడు నూనెలో ఎంత బలం?

పిల్లలూ! కొల్లేటికి దక్షిణపు వైపున కలిదిండి అనే ఊరున్నది. చుట్టూ చేపల చెరువులు, వరిచేలు, కాలవలు. ఊళ్ళో పాతాళ భోగేశ్వరస్వామి గుడి. కార్తీకమాసం వచ్చిందంటే ఆ వైపు ఊళ్ళలో తెల్లవారకముందే ఆడవాళ్ళు కాలవ ఒడ్డుకు చేరి, అరటి దొప్పల్లో దీపాలు వెలిగించి నీళ్ళలో వదులుతారు.

ఆ కలిదిండిలో ఒక ఇల్లు ఉన్నదనుకోండి. ఆ ఇంట్లో అమ్మమ్మ, అమ్మ, ఏడో తరగతి చదివే ఒక అమ్మాయి, ఆమె తమ్ముడు ఉన్నారు. ఒకనాడు వంటింట్లో నూనె మీద తగవు వచ్చింది.

"నువ్వుల నూనెకున్న బలం మరి దేనికీ లేదు. మా రోజుల్లో గానుగ దగ్గర నిలబడి ఆడించుకు వచ్చేవాళ్ళం," అన్నది అమ్మమ్మ.

"వేరుసెనగ నూనె మాత్రం ఏం తక్కువమ్మా?" అన్నది అమ్మ.

"అవేవీ కాదు. ఈ కొత్త ప్యాకెట్టు మీద తేలిక నూనె అని రాసి ఉన్నది. దీనితో చేసినవి ఎన్ని తిన్నా ఒళ్ళు రాదు," అన్నాడు తమ్ముడు, మరో రెండు గారెలు కంచంలో వేసుకుంటూ.

అక్క కాసేపు ఆలోచించి, "ఊరికే అనుకోవటం దేనికి? కొలిచి చూడకూడదూ?" అన్నది.

"బలాన్ని కొలుస్తావుటే? శేరుతోనా, సోలతోనా?" అని అమ్మమ్మ పకపకా నవ్వింది.

అమ్మమ్మ నవ్వటంలో తప్పు లేదు. బలాన్ని శేరుతో కొలవలేము. కాని నూనెలో దాగి ఉన్న శక్తిని కొలిచే ఉపాయం ఒకటి ఉన్నది. ఆ ఉపాయం పేరు నిప్పు!

కార్తీక దీపాన్నే చూడండి. ప్రమిదలో నూనె ఉన్నది, వత్తి ఉన్నది. వత్తి నూనెను కొంచెం కొంచెంగా పైకి పీలుస్తుంది. మంట వేడికి ఆ నూనె ఆవిరై, గాలిలోని ప్రాణవాయువుతో, అంటే ఆక్సిజన్‌తో, కలిసి మండుతుంది. నూనె తరిగిపోతుంది, దానికి బదులు వెలుగు, వేడి, బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి వస్తాయి.

మరి మనం తిన్న నూనె ఏమవుతుంది? చిత్రమేమిటంటే, అదీ ఇదే! మన ఒంట్లో మంట లేదు, పొగ లేదు. అయినా మనం పీల్చిన ప్రాణవాయువుతో నూనె మెల్లమెల్లగా కలిసి, చివరకు బొగ్గుపులుసు వాయువుగా, నీరుగా మారుతుంది. ఆ శక్తితోనే మన ఒళ్ళు వెచ్చగా ఉంటుంది, గుండె కొట్టుకుంటుంది, మీరు బడికి పరుగెత్తుతారు.

ఈ సంగతిని పరీక్ష చేసి చూపినవారిలో ముఖ్యుడు ఫ్రాన్సు దేశపు లవోజియే. 1782-83 చలికాలంలో ఆయన లాప్లాస్ అనే గణితవేత్తతో కలిసి ఒక పాత్ర చేయించాడు. మధ్య గదిలో ఒక చిన్న గినీ పందిని ఉంచి, చుట్టూ మంచుగడ్డలు నింపాడు. ఆ జంతువు ఒంటి వేడికి మంచు కరిగి నీరై కిందికి కారింది. ఆ నీటిని తూచాడు. ఆ జంతువు వదిలిన బొగ్గుపులుసు వాయువునూ కొలిచాడు. బొగ్గు కాలినప్పుడు అంతే బొగ్గుపులుసు వాయువు వస్తే ఎంత మంచు కరుగుతుందో కూడా చూశాడు. రెండూ ఇంచుమించు సరిపోయాయి. ఊపిరి తీయటమంటే మెల్లగా మండటమే అని ఆయన తేల్చాడు.

వేడిని కొలవాలంటే ఒక కొలత కావాలి గదా! ఒక గ్రాము నీటిని ఒక సెంటిగ్రేడు డిగ్రీ వేడెక్కించటానికి పట్టే వేడిని ఒక కాలరీ అంటారు. అది చాలా చిన్నది. అందుచేత తిండి విషయంలో వెయ్యి కాలరీలను ఒక్కటిగా కట్టి కిలో కాలరీ అంటారు. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడెక్కించేది అదే. ఈనాటి శాస్త్రజ్ఞులు జౌలు అనే కొలతను కూడా వాడుతున్నారు. ఒక కిలో కాలరీ అంటే 4,184 జౌళ్ళు.

ఇక మన అక్క ఏం చేసిందో చూతాము. మీరూ చేయవచ్చును, కాని పెద్దవాళ్ళు పక్కన లేకుండా చేయవద్దు. నూనెకు మంట అంటుకుంటే నీళ్ళు పోయకూడదు. పళ్ళెం మూతపెట్టి ఆర్పాలి.

ఆమె ఒక చిన్న ప్రమిదలో నువ్వుల నూనె పోసి, వత్తి వేసి, బడిలోని సున్నితపు త్రాసులో తూచింది. పలచటి అల్యూమినియం గిన్నెలో 200 గ్రాముల నీళ్ళు పోసి, ముక్కాలి పీట మీద పెట్టి, థర్మామీటరు ముంచింది. నీళ్ళు 30 డిగ్రీలు ఉన్నాయి. దీపం వెలిగించి గిన్నె కింద పెట్టి, పుల్లతో నీళ్ళు కలుపుతూ కూర్చున్నది. నీళ్ళు 50 డిగ్రీలకు రాగానే దీపం ఆర్పి, చల్లారనిచ్చి, ప్రమిదను మళ్ళీ తూచింది. ఒక గ్రాము నూనె తరిగింది. లెక్క తేలికగా రావటానికి ఈ అంకెలు తీసుకున్నాం. మీకు వచ్చేవి వేరుగా ఉండవచ్చు.

200 గ్రాముల నీరు 20 డిగ్రీలు వేడెక్కింది. 200ను 20తో గుణిస్తే 4,000 కాలరీలు, అంటే 4 కిలో కాలరీలు. కనుక ఒక గ్రాము నూనె 4 కిలో కాలరీల వేడిని నీళ్ళకు ఇచ్చిందన్నమాట.

తమ్ముడు పరుగున పోయి సైన్సు పుస్తకం తిరగవేశాడు. "అక్కా, తప్పు వచ్చింది! పుస్తకంలో 9 అని ఉన్నది. 9 అని రాసెయ్యి, మాస్టారు మార్కులు వేస్తారు," అన్నాడు.

"మనం చూసింది 4. నేను 4 అనే రాస్తాను. మిగిలిన 5 ఎటు పోయాయో వెతుకుదాం పద," అన్నది అక్క.

ఆమె చేసిన పని ఎంత మంచిదో గమనించండి. పుస్తకంలో చూసి అంకె మార్చి ఉంటే, అక్కడితో చదువు ఆగిపోయేది. ఉన్నదున్నట్టు రాసింది కనుక, దొంగను పట్టుకునే అవకాశం దొరికింది.

ఇద్దరూ వెతికారు. గిన్నె అడుగు చూస్తే నల్లటి మసి. అది పూర్తిగా కాలని నూనెలోని కర్బనమే. దానిలోని వేడి ఇంకా దానిలోనే ఉన్నది. గిన్నె పక్కన చెయ్యి పెడితే వెచ్చటి గాలి తగిలింది. చాలా వేడి అలా పైకి ఎగిరిపోయింది. గిన్నె వేడెక్కింది, పీట వేడెక్కింది, ప్రమిద వేడెక్కింది. నీళ్ళమీద కొంచెం ఆవిరి కూడా లేచింది. ఇంతమంది దొంగలు! చుట్టూ రేకు అడ్డం పెట్టి, గిన్నెకు మూత వేసి మళ్ళీ చేస్తే అంకె కొంచెం పెరిగింది. 9 మాత్రం రాలేదు.

అయితే పరీక్ష వృథా అయిందా? లేదు. అదే గిన్నె, అదే వత్తి పెట్టి నువ్వుల నూనె, వేరుసెనగ నూనె, తేలిక నూనె ఒకదాని తరువాత ఒకటి మండిస్తే, అన్నీ ఇంచుమించు ఒకే అంకె చూపాయి. తేడా వచ్చినా, అదే నూనెను రెండుసార్లు మండిస్తే వచ్చే తేడాకన్న ఎక్కువ కాదు. దొంగలు అందరి దగ్గరా ఒకేలా దోచుకున్నారు గనుక పోల్చి చూడటానికి ఈ పరీక్ష పనికివచ్చింది.

కాని అసలు అంకె కావాలంటే దొంగలు చొరబడని ఇల్లు కావాలి. అలాంటి ఇంటిని 19వ శతాబ్ది చివర ఫ్రాన్సు దేశపు రసాయన శాస్త్రవేత్త బెర్తెలో తయారుచేశాడు. దాని పేరు బాంబు కాలరీ మీటరు. పేరు విని భయపడకండి, అది పేలదు. పేలకుండా ఉండటమే దాని గొప్ప!

అది మందపాటి ఉక్కు పాత్ర. లోపల చిన్న గిన్నెలో, గ్రాముకు తక్కువగానే, నూనెను తూచి పెడతారు. దానికి తగిలేటట్టు సన్నటి తీగ కడతారు. మూత బిగించి లోపలికి ప్రాణవాయువును ఎక్కిస్తారు. ఎంత అనుకున్నారు? మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి 25 లేక 30 రెట్లు! అంత ప్రాణవాయువు ఉంటే మసి మిగలటానికి వీలే లేదు. ఆ ఉక్కు పాత్రను సుమారు రెండు కిలోల నీళ్ళున్న బకెట్టులో ముంచుతారు. బకెట్టు చుట్టూ మరొక తొడుగు. నీళ్ళను కలపటానికి చిన్న తెడ్డు తిరుగుతూ ఉంటుంది. నీళ్ళలో ఉండే థర్మామీటరు డిగ్రీలో వెయ్యోవంతును కూడా చూపగలదు.

తీగలో కరెంటు పంపగానే అది ఎర్రగా కాలి నూనెను అంటిస్తుంది. నూనె మొత్తం క్షణంలో భగ్గుమంటుంది. బయటివాళ్ళకు మంటా కనబడదు, చప్పుడూ వినబడదు. నీళ్ళు మాత్రం మెల్లగా వేడెక్కుతాయి.

అయినా ఉక్కు పాత్ర కొంత వేడిని తాగుతుంది గదా? దానికీ లెక్క ఉన్నది. ముందుగా బెంజోయిక్ ఆమ్లం అనే తెల్లటి పొడిని మండిస్తారు. అది గ్రాముకు 6,318 కాలరీలు ఇస్తుందని ఎంతో జాగ్రత్తగా కొలిచి పెట్టారు. కొట్టువాడి త్రాసును ముద్ర ఉన్న రాయితో సరిచూసినట్టు, ఈ పొడితో పాత్రను సరిచూస్తారన్నమాట. ఒక గ్రాము పొడికి 2.6 డిగ్రీలు పెరిగాయనుకోండి. 6,318ని 2.6తో భాగిస్తే 2,430. అంటే నీళ్ళు, ఉక్కు, తెడ్డు అన్నీ కలిపి ఒక డిగ్రీ పెరగటానికి 2,430 కాలరీలు కావాలి.

ఇప్పుడు 0.6 గ్రాముల వేరుసెనగ నూనె మండిస్తే 2.33 డిగ్రీలు పెరిగాయనుకోండి. 2,430ని 2.33తో గుణించి, 0.6తో భాగించండి. ఎంత వచ్చింది? ఇంచుమించు 9,440 కాలరీలు. అంటే గ్రాముకు 9.4 కిలో కాలరీలు. తీగ కాలినందుకు వచ్చిన కొద్దిపాటి వేడిని కూడా తీసివేసే అసలు లెక్క కడతారు.

నువ్వుల నూనె, పొద్దుతిరుగుడు నూనె, తవుడు నూనె, పామాయిలు – అన్నీ ఈ అంకెకు దగ్గరలోనే ఉంటాయి. కొబ్బరి నూనె, నెయ్యి ఒక పిసరు తక్కువ. పంచదారను మండిస్తే మాత్రం గ్రాముకు 4 కన్న ఎక్కువ రాదు.

నూనెకు ఇంత వేడి ఎక్కడిది? పంచదార బరువులో సగం ప్రాణవాయువే. అంటే అది ముందే సగం కాలిన కట్టె వంటిది. నూనెలో పదింట ఒక వంతు మాత్రమే ప్రాణవాయువు; తక్కినదంతా కాలటానికి సిద్ధంగా ఉన్న కర్బనం, ఉదజని. అందుకే చాలా మొక్కలు తమ పిల్లకు పెట్టే సద్దిమూటను నూనెగా కడతాయి. నువ్వుగింజ ఎంత చిన్నదో చూడండి! ఏలూరు దగ్గర పెదవేగిలో 1995లో నెలకొల్పిన ఆయిల్ పామ్ పరిశోధన సంస్థ ఉన్నది. ఆ చుట్టుపక్కల తోటల్లో కాసే ఎర్రటి గెలల్లో మాత్రం నూనె గింజలోనే గాక, పండు గుజ్జులో కూడా ఉంటుంది. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజనును వేరుసెనగ నూనెతో నడిపి చూపారు కూడా.

అయితే ఒక చిక్కు. వరిగడ్డి కూడా మండుతుంది. కిరసనాయిలు నూనె కన్న ఎక్కువ వేడి ఇస్తుంది. అంతమాత్రాన గడ్డి మనకు అన్నమవుతుందా? కిరసనాయిలు తాగితే ప్రాణానికే ముప్పు. కనుక ఉక్కు పాత్ర చెప్పినదంతా మన పొట్ట ఒప్పుకోదు. ఈ చిక్కును విప్పినవాడు అమెరికాలోని అట్వాటర్. 1890 తరువాతి సంవత్సరాలలో ఆయన, ఆయన తోటివారు మనిషి పట్టేంత కాలరీ మీటరు కట్టారు. ఒక చిన్న గది అది. మనిషి అందులో రోజుల తరబడి తిని, పడుకొని, పనిచేసేవాడు. గది గొట్టాలలో పారే నీళ్ళు అతని వేడిని మోసుకుపోయేవి. తిన్నది, విసర్జించినది, వదిలిన వేడి – అన్నీ కొలిచారు. చివరకు తేలినది ఇది: మన శరీరానికి గ్రాము కొవ్వు నుంచి 9, పిండిపదార్థం నుంచి 4, మాంసకృత్తుల నుంచి 4 కిలో కాలరీలు వస్తాయి.

చెంచాడు నూనె సుమారు నాలుగున్నర గ్రాములు. అంటే 40 కిలో కాలరీలు. ఒక్క దొంగ కూడా లేకపోతే, ఆ వేడితో అర లీటరుకు పైగా నీళ్ళను 30 డిగ్రీల నుంచి మరిగించవచ్చు! మీ బరువు 30 కిలోలనుకోండి. మన కండలు అందిన శక్తిలో సుమారు నాలుగో వంతునే పనిగా మారుస్తాయి. ఆ నాలుగో వంతుతోనే మీరు 140 మీటర్ల ఎత్తు, అంటే నలభై అంతస్తులకు పైగా మేడ, ఎక్కవచ్చు. కలిదిండిలో అంత మేడ ఎక్కడున్నదీ అంటారా? నిజమే, లెక్కలోనే ఎక్కండి.

ఇదంతా అంకెల సరదా మాత్రమే కాదు. ఈ లెక్క మన తెలుగునాట పసిపిల్లలకు ఎలా ఉపయోగపడిందో వినండి.

1918లో కూనూరులో మొదలైన ఒక చిన్న పరిశోధనశాల పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకు వచ్చింది. 1969 నుంచి దాని పేరు జాతీయ పోషకాహార సంస్థ. 1971లో ఆ సంస్థ మన దేశపు తిండి పదార్థాలలో ఏ పోషకం ఎంతో చెప్పే పుస్తకం ప్రచురించింది. నూరు గ్రాములకు బియ్యంలో 345, వేరుసెనగ గింజల్లో 567, నూనెలో 900 కిలో కాలరీలు అని అందులో ఉంటుంది.

ఆ రోజుల్లో పల్లెల్లో చాలామంది పిల్లలు ఎదగక, చిక్కిపోయి ఉండేవారు. వాళ్ళకు మాంసకృత్తులే కరువు అని ప్రపంచంలో చాలామంది శాస్త్రజ్ఞులు అనేవారు. ఆ సంస్థను నడిపిన డాక్టరు సి. గోపాలన్ (1918-2019), ఆయన తోటివారు, పిల్లలు తినే తిండిని లెక్కకట్టి చూశారు. పిల్లలకు మొదటి కరువు కాలరీలదే అని వారికి తోచింది. పొట్ట చిన్నది, పలచటి జావలో నీళ్ళే ఎక్కువ, అది తాగి పొట్ట నిండుతుంది గాని శక్తి చాలదు. వంటచెరుకు లేని ఇల్లాలు ఇంటి దూలాన్ని కొట్టి పొయ్యిలో పెట్టినట్టు, శక్తి చాలని శరీరం ఒళ్ళు కట్టవలసిన మాంసకృత్తులనే మండించుకుంటుంది.

నిజమో కాదో చూడటానికి హైదరాబాదు చుట్టుపక్కల పల్లెల్లో అయిదేళ్ళ లోపు పిల్లలకు, ఇంటి తిండికి తోడు, రోజూ ఒక తీపి పదార్థం పెట్టారు. అందులో 23 గ్రాముల గోధుమపిండి, 35 గ్రాముల పంచదార, 10 గ్రాముల నూనె. మొత్తం 310 కిలో కాలరీలు. మాంసకృత్తులు 3 గ్రాములే. అలా 14 నెలలు పెట్టారు. ఆ తీపి తిన్న పిల్లలు తినని పిల్లలకన్న ఎత్తూ బరువూ ఎక్కువ పెరిగారు! ఈ సంగతి 1973లో అచ్చయింది.

ఆ తీపిలో నూనె పాలు లెక్క వేయండి. బరువులో ఏడింట ఒక వంతు. శక్తిలో 310కి 90, అంటే ఇంచుమించు మూడో వంతు! పిల్లల చిన్న పొట్టలో చోటు పట్టకుండా శక్తిని నింపింది ఆ రెండు చెంచాల నూనె. ఉక్కు పాత్రలో ఎవరో ఓపికగా నూనె మండించి 9 అనే అంకె పట్టుకోకపోతే, ఈ లెక్క కట్టటం ఎలా?

అదే అంకె రెండోవైపు కూడా కోస్తుంది. కడుపునిండా తిని, కదలక కూర్చునేవాళ్ళు రోజుకు ఒక్క చెంచా నూనె అవసరానికి మించి తింటే, సంవత్సరానికి 14,600 కిలో కాలరీలు మిగులుతాయి. అవి ఒంట్లో కొవ్వుగానే చేరతాయి.

మళ్ళీ కలిదిండి వంటింటికి వద్దాం. తగవు ఎవరు గెలిచారు? అక్క ప్యాకెట్టు వెనుకవైపు తిప్పి, సన్న అక్షరాలు చదివింది: నూరు గ్రాములకు 900 కిలో కాలరీలు. "చూశావురా? ముందువైపు తేలిక, వెనకవైపు తొమ్మిది వందలు!" తమ్ముడు తన కంచంలోని గారెల వంక చూసుకున్నాడు. కొన్ని ప్యాకెట్ల మీద నూరు మిల్లీ లీటర్లకు 820, 830 అని ఉంటుంది. అది చూసి తక్కువ అనుకోకండి. నూనె నీటికన్న తేలిక. నూరు మిల్లీ లీటర్లు నూరు గ్రాములు తూగదు.

"అయితే నా నువ్వుల నూనెకు గొప్పేమీ లేదుటే?" అన్నది అమ్మమ్మ చిన్నబుచ్చుకొని.

"లేకేమమ్మమ్మా? శక్తిలోనే అన్నీ ఒకటి. ఏ నూనెలో ఏ రకం కొవ్వు ఉన్నదీ, ఏ విటమిను ఉన్నదీ ఉక్కు పాత్ర చెప్పదు. దానికి వేరే పరీక్షలున్నాయి. ఇక నీ నూనె కమ్మదనం ఏ పాత్రకూ అందదు," అన్నది మనమరాలు.

అమ్మమ్మ మురిసిపోయి మనమరాలి నోట్సు పుస్తకం అడిగి తీసుకున్నది. అందులో 4 అనే అంకె కొట్టివేత లేకుండా అలాగే ఉన్నది. దాని కింద మసి, గాలి, గిన్నె, ఆవిరి అని దొంగల జాబితా ఉన్నది. పిల్లలూ, మీరు ఈ పరీక్ష చేసినప్పుడు మీకు ఎంత వస్తే అంతే రాయండి. దొంగల జాబితా మాత్రం మరిచిపోకండి.